రోలుగుంట బస్సెక్కిన బావ

రిటైరయ్యాక ఇంట్లో ఒక్కణ్ణే ఉండలేక, సాయంత్రాలు అనకాపల్లి బస్టాండులో కూర్చుంటున్నాను. ఎక్కే బస్సేమీ లేదు. మనుషుల సందడి వింటే చాలు. ఈ రోజు నా వయసువాడొకడు గబగబా వచ్చి నా భుజం పట్టుకున్నాడు.

"ఏటి బావా, నన్ను మర్సిపోనావా?"

ఎంత చూసినా గుర్తుకు రాలేదు. మతిమరుపు ముదిరిపోయిందని నన్ను నేనే తిట్టుకుని, "నిన్నెలా మర్చిపోతాను బావా!" అంటూ పక్కన చోటిచ్చాను.

"రోలుగుంటలో మా గానుగ కాడ వేడి బెల్లం నోట్లో ఏసుకుని నాలిక కాల్సుకున్నావు, గుర్తుందేటి?"

అతను చెబుతుంటే బెల్లం వండే పెనం, పొగ, ఎండబెట్టిన చెరుకు పిప్పి అన్నీ కళ్ళ ముందుకొచ్చాయి. నాలుక చురుక్కుమంది కూడా. హమ్మయ్య, గుర్తొచ్చేసింది అనుకున్నాను.

ఇంతలో అతని బస్సొచ్చింది. లేస్తూ అడిగాడు. "మీ తమ్ముడు ఎలాగున్నాడు?"

నాకు తమ్ముడు లేడు. మా అమ్మానాన్నలకు నేనొక్కణ్ణే.

"బాగున్నాడు. నిన్ను తలుచుకుంటుంటాడు," అన్నాను.

మతిమరుపైతే డాక్టరుకు చెప్పుకోవచ్చు. జరగనిది ఇంత బాగా గుర్తొస్తే ఎవరికి చెప్పుకోవాలి? ఇంటికొచ్చి గంటైనా నాలుక మండుతూనే ఉంది. మీకెవరికైనా ఇలా అయిందా? అయితే రాయండి.

అన్నట్టు, ఆ బావ మీకు తెలిసినవాడైతే, నేను వేరే మనిషినని మాత్రం చెప్పకండి. రేపు కూడా అక్కడే కూర్చుంటాను.