దొరస్వామి పంక్చరు

రిటైరయ్యాక దొరస్వామి నాయుడికి పట్టుకున్న సరదా సైకిలు. పొద్దున్నే పాకాల నుంచి కాణిపాకం దారిన తొక్కుకుంటూ పోయి, ఎక్కడో ఒకచోట టీ తాగి వచ్చేవాడు. కుడి మోకాట్లో గుజ్జు అరిగిందనీ, తొక్కినా ఎత్తులు మాత్రం ఎక్కవద్దనీ డాక్టరు చెప్పినప్పటి నుంచి, ఎత్తు రాగానే దిగి సైకిలు తోసుకుపోతున్నాడు.

చూసినవాళ్లంతా ఆగి, "పంక్చరా అన్నా?" అని అడిగేవాళ్లు. మోకాలి సంగతి చెబితే ప్రతివాడూ వైద్యుడే. ఒకడు నువ్వుల నూనె అంటాడు, ఇంకొకడు పుత్తూరు కట్టు అంటాడు. ఆ గోల పడలేక "అవునప్పా" అనేసేవాడు.

ఆవేళ పాలవ్యాను డ్రైవరు మునిరత్నం ఆ మాట నమ్మాడు. వద్దంటున్నా వినకుండా సైకిలుతో సహా ఆయన్ని బండెక్కించి, పంక్చర్ల అంగడి ముందు దించాడు. అంగడాయన ట్యూబు ఊడదీసి, గాలి కొట్టి, నీళ్ల తొట్టిలో చుట్టూ ముంచి చూశాడు. ఒక్క బుడగా రాలేదు.

"యాడుండాదన్నా పంక్చరు?"

మునిరత్నం కూడా ఆయన మొహమే చూస్తున్నాడు. దొరస్వామి తొణకలేదు. బెంచీ మీద కూర్చుని, ప్యాంటు పైకి మడిచి, వాచిన మోకాలు తొట్టి వైపు తిప్పాడు.

"ఈడుండాది. దీన్ని ముంచి సూడప్పా."