నిమ్మళంగా ఉన్న లాగ్

సుబేదార్ సాబ్ ఇక లేరని పొద్దున్నే ఆఫీసు గ్రూపులో చూశాను. నమ్మలేదు. అనుమానం నా పుట్టుబుద్ధి. ఢిల్లీ మునిర్కాలోని నా గదిలోంచి వసంత్ కుంజ్‌లో వాళ్లింటికి ఫోన్ చేశాను. "నిజమే బాబూ, నిద్రలోనే పోయారు," అన్నారు ఆయన భార్య, ఆంటీ. ఫోన్ పెట్టేశాక కూడా మరోసారి గ్రూపు తెరిచి చూశాను.

ఆయన విజయనగరం మనిషి. సైన్యంలో సిగ్నల్స్ విభాగంలో చేసి రిటైరై, గురుగ్రామ్‌లో మా ఆఫీసు సర్వర్లు చూసేవారు. రాగానే, టీ కూడా ముట్టకుండా, లాగ్ తెరిచేవారు. సర్వర్ తన పొరపాట్లూ వార్నింగులూ రాసుకునే చిట్టా అది. అందులో ఏమీ లేకపోతే మేం సంబరపడేవాళ్లం. ఆయన మాత్రం కనుబొమలు ముడిచేవారు.

"ఏటి బాబూ, ఇంత నిమ్మళంగా ఉంది? గోల చేసేదాన్ని నమ్ముతాను గానీ, నోరు మూసుకున్నదాన్ని నమ్మను."

నాకప్పుడు మూడో నెల, ప్రొబేషన్. ఓ ఆసుపత్రి డాక్టర్లు ఎప్పుడుంటారో చూపే పేజీ నా చేతిలో ఉంది. వేళలు మారితే ఫైల్ సరిదిద్దాను. పేజీ ఒకసారి కొత్త వేళ చూపేది, మళ్లీ తెరిస్తే పాతది. రోగులు పాత వేళకి వచ్చి, డాక్టర్ లేక తిరిగిపోతున్నారు. లాగ్‌లో ఒక్క వార్నింగూ లేదు. ఆ ఫైల్ ముట్టుకోగలిగేది ఆయనా నేనూ మాత్రమే. నేను కాదు, అంటే ఇంకెవరు? ఉద్యోగం ఊడుతుందన్న భయంతో మేనేజర్ చెవిన వేశాను, పాత ఫైల్ సుబేదార్ సాబే మళ్లీ పెడుతున్నట్టున్నారని. "అచ్ఛా?" అంటూ అతను తిన్నగా ఆయన దగ్గరికే వెళ్లాడు.

మర్నాడు ఆయన కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చున్నారు.

"రా బాబూ, ఇద్దరం కలిసి నన్ను పట్టుకుందాం."

ముందు కోడ్‌లో "వినబడుతోందా?" అని ఒక ఉత్తుత్తి వార్నింగ్ పెట్టారు. రేడియో సెట్ చేతికి రాగానే అవతలివాణ్ణి పలకరించి చూడటం సైన్యంలో అలవాటట. పేజీ తెరిచాం. లాగ్ ఉలకలేదు, పలకలేదు.

"చూశావా? వార్నింగులు లేక కాదు, ఎవరో నోరు కట్టేశారు."

వెతికితే సెట్టింగుల్లో దొరికింది, వార్నింగులు రాయొద్దనే ఒక లైను. చేరిన కొత్తలో ఆ గోల భరించలేక నేను పెట్టిందే! పెట్టి మరిచిపోయాను. దాన్ని తీసేసరికి లాగ్ నిండా ఒకటే మొర, మార్చిన ఫైల్ మళ్లీ లోడ్ కాలేదని. సర్వర్‌లో ఒకేసారి నడిచే ప్రోగ్రాం కాపీల్లో కొన్ని నా కొత్త ఫైల్ చదివాయి, కొన్ని పాతదే పట్టుకుని కూర్చున్నాయి. మొత్తం ఆపి మళ్లీ మొదలుపెట్టాక కుదుటపడింది.

మేనేజర్ అడిగితే ఆయన, "వార్నింగులు బంద్ అయి ఉన్నాయి, తెరిచాం. ఠీక్ హై," అని ఊరుకున్నారు. నా పేరు ఎందుకెత్తలేదు? ఎప్పుడో వాడుకోవడానికి దాచుకున్నారని ఏడాదిపాటు ఆయన్ని అనుమానంగా గమనిస్తూనే ఉన్నాను. ఛీ, ఏం బుద్ధి నాది! ఆయన ఆ మాట ఎన్నడూ ఎత్తలేదు. నేనూ క్షమించమని అడగలేదు.

ఆ ఉత్తుత్తి వార్నింగ్‌ని ఆయన తీయలేదు. రోజూ తొమ్మిదికి లాగ్‌లో పడేలా పెట్టుకున్నారు. అది కనబడ్డాకే టీకి లేచేవారు. ఇవాళ ఆఫీసుకొచ్చి ఆయన సీట్లో కూర్చుని లాగ్ తెరిచాను. రాదేమోనని అనుమానం. తొమ్మిదికి వచ్చింది.

"వినబడుతోందా?"

గ్రూపు తెరిచి నివాళుల కింద రాశాను. అప్పట్లో వార్నింగులు మూసింది నేను, ఆయన మీద చాడీ చెప్పిందీ నేనే. పంపి, తల ఎత్తాను. స్క్రీన్ పక్కన ఆయన కప్పు బోర్లించి ఉంది.