జిప్పు మీద చెయ్యి

జర్మనీలో, డ్రెస్డెన్ నుంచి ఫ్రైబర్గ్ వెళ్లే రైల్లో, ఒక నవంబరు వానలో, ఒకమ్మాయి నా ఎదుటి సీటు అంచున కూర్చుంది. కిటికీ పక్కన ఖాళీ ఉన్నా జరగలేదు. మోకాళ్లు నా సీటుకు తగిలేంత పొడుగు.

నేను ఫోనులో అక్కకు చెబుతున్నాను: "ఫ్రైబర్గ్ నుంచి డ్రెస్డెన్‌కి మారిపోతున్నానక్కా. అక్కడి ఆఫీసులో టెర్మిన్, అదే అపాయింట్‌మెంట్, కూడా దొరికింది. పెద్ద పేరున్న యూనివర్సిటీ కదా!"

ఫోను పెట్టేశాక ఆమె తెలుగులోనే పలకరించింది. అమెరికాలో పుట్టి పెరిగిందట. ఇక్కడ ఓ చిన్న ఊరి క్లబ్బులో బాస్కెట్‌బాల్ ఆడుతోందట.

"నేనూ మారానండీ. ఫస్ట్ కాలేజీ చిన్నది, ప్రతి గేమ్ ఆడేదాన్ని. తర్వాత పెద్దదానికి ట్రాన్స్‌ఫర్ అయ్యా. అమ్మావాళ్లు నన్ను టీవీలో చూశారు."

"ఆడుతుంటేనా?"

"బెంచి మీద."

నేను నవ్వబోయి ఆగాను.

"అయితే మారకుండా ఉండాల్సిందా?"

"ఏమో అండీ. నాతోపాటు మారిన అమ్మాయి స్టార్ అయింది."

రైలు ఆగినప్పుడల్లా ఆమె చెయ్యి ట్రాక్‌సూట్ జిప్పు మీదికి పోతోంది. దిగాలా అని అడిగాను.

"కాదండీ, అలవాటు. కోచ్ పిలిస్తే వెంటనే ఇది తీసేసి కోర్టులోకి పరిగెత్తాలి కదా. సీజనంతా అలాగే కూర్చున్నా."

డ్రెస్డెన్‌లో నా మొదటి క్లాసు పెద్ద హాల్లో జరిగింది. తెలిసిన మొహం ఒక్కటీ లేదు. అది ముగిసి అందరూ లేస్తుంటే చూసుకున్నాను. వరస చివర, సీటు అంచున కూర్చున్నాను. చెయ్యి కోటు జిప్పు మీదే ఉంది.