చిన్నాన్న తాబేటి రాళ్ళు

పోయిన నెలలో పలాసలో మా మేనకోడలి గృహప్రవేశానికి వెళ్ళి భోజనం చేయకుండా తిరిగి వచ్చేశాను. డెబ్బై దాటినవాడు కొత్తల్లుడిలా అలగడమేమిటని మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతూనే ఉంది. కారణం చెబితే మీరూ నవ్వుతారేమో గానీ, నా ఈడువాళ్ళయితే ఆ నవ్వు సగంలో ఆపేస్తారని నా నమ్మకం. వాళ్ళ హాల్లో అద్దాల బీరువా ఉంది, అందులో దీపం వేసి మరీ ఒక రాయిని నిలబెట్టారు. సగానికి కోసి మెరుగుపెట్టిన బూడిదరంగు గడ్డ, దాని నిండా తాబేటి డిప్ప మీద గళ్ళలాగా పగుళ్ళు, ఆ పగుళ్ళలో పటికబెల్లంలాంటి పసుప్పచ్చని పలుకులు. "ఆన్‌లైన్లో తెప్పించాం మావయ్యా, ఇది ఇంట్లో ఉంటే పాజిటివ్ ఎనర్జీ వస్తాదట" అన్నాడు అల్లుడు. నేను దాన్ని చేతిలోకి తీసుకుని వెనక్కి తిప్పి చూశాను. వెనకవైపు కూడా నున్నగా అరగదీసి ఉంది. అంతే, ఒళ్ళు మండిపోయింది. ఆ కుర్రాడి తప్పేమీ లేదు, నా మంట యాభై ఏళ్ళనాటిది.

మాది మందసకీ సముద్రానికీ నడుమ, ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటల మధ్య ఊరు. నాన్నకు తమ్ముడైన మా చిన్నాన్న ఆ చుట్టుపక్కల నూతులు తవ్వించే మేస్త్రీ. మా నేల సంగతి తెలిసినవాళ్ళకి చెప్పనక్కర్లేదు, తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను: పైన ఇసక, దాని కింద ఎర్రమన్ను, ఇంకా దిగితే బూడిదరంగు బంకమన్ను, ఆ బంకమన్నులో పిడికిలంత మొదలుకొని గుమ్మడికాయంత వరకూ గట్టి గడ్డలు. పగలగొడితే లోపల తాబేటి డిప్పలాగే ఉంటుంది గనక వాటిని తాబేటి రాళ్ళు అనేవాళ్ళం. సున్నపుబట్టీల వాళ్ళు వాటిని బళ్ళకెత్తుకుపోయేవారు. బంకగడ్డ ఎండి లోలోపల పగుళ్ళు విచ్చితే, వాటిలోకి సున్నపు నీరు దిగి ఏళ్ళ తరబడి పలుకులు కట్టిందని నేను సైన్సు చదువుకున్నాక తెలిసింది. చిన్నప్పుడు మాకు తెలిసిందల్లా నూతి మట్టి కుప్పల మీద పడి వాటిని ఏరుకోవడం, రాతితో బాది పగలగొట్టడం, మెరుపు కనబడాలని ఉమ్ము రాసి ఎండకు పట్టుకోవడం. పదింటిలో ఏడెనిమిది ఉత్త గడ్డలే వచ్చేవి. ఆ రాళ్ళ బరువుకి నా నిక్కరు జేబులు చిరగని వారం లేదు, అమ్మ కుట్టడమూ మానలేదు, తిట్టడమూ మానలేదు.

చిన్నాన్న మాత్రం నూతికి ఒకటే రాయి తీసుకునేవాడు. నీళ్ళు పడి, రుచి చూసి, ఇక చాలనుకున్న రోజున ఒక మంచి గడ్డని ఎంచి, సుత్తితో ఒకే దెబ్బ కొట్టేవాడు. రెండు చెక్కల్లో ఒకటి ఆ నూతిలోకే వదిలేసేవాడు, తీసుకున్నదాంట్లో సగం భూమికి ఇచ్చెయ్యాలని ఆయన పట్టింపు. రెండోది మా ఇంటి అటక మీదికి చేరేది. ఆయనకి అక్షరాలు రావు. అందుకని చెక్క వెనకవైపు, గరుకుగా ఉండే ఆ పెంకు మీద, ఉలితో గీతలు పెట్టేవాడు. కొబ్బరిమట్ట గీస్తే ఒక ఊరు, పడవ గీస్తే ఇంకో ఊరు. ఎన్ని బారల లోతు తవ్వితే అన్ని నిలువు గీతలు, బారంటే చాచిన రెండు చేతుల పొడవు. ఇంకాస్త దిగేసరికి ఉప్పునీరు తగిలి, బంకమన్ను కొట్టి ఆ అడుగు పూడ్చేసిన నూతులైతే, ఎక్కడ ఉప్పు తగిలిందో అక్కడ ఒక అడ్డగీత. పూడ్చినది పైనుంచి చూసేవాడికి ఏం తెలుస్తుంది? అది ఆ రాయికీ చిన్నాన్నకీ మాత్రమే తెలుసు. ఎవరైనా కొత్తగా నుయ్యి కావాలని వస్తే ఆయన అటకెక్కి ఆ చుట్టుపక్కల నూతి రాయి దింపి, వేలితో తడిమి, ఇన్ని బారలు దాటితే ఉప్పొస్తుందని చెప్పేవాడు. సముద్రం పక్కన బతికేవాళ్ళకి ఆ ఒక్క మాట ఎంత విలువైనదో మీకు నేను చెప్పాలా?

నాకు టెక్కలిలో సైన్సు మాస్టారి ఉద్యోగం వచ్చిన కొత్త. పట్నం నుంచి ఒక పెద్దమనిషి, కాలేజీలో రాళ్ళ గురించి పాఠాలు చెప్పే ఆయన, మా బడికి వచ్చాడు. ఆ రాళ్ళ సంగతి నేనే నోరు జారాను, జారడమేమిటి, గొప్పలు పోయాను. ఆయన్ని వెంటబెట్టుకుని ఊరికి తీసుకెళ్ళాను. అటక మీది నలభై చిల్లర చెక్కలు చూసి ఆయన కళ్ళు మెరిశాయి. వాటి ముఖాలకేసి చూశాడే తప్ప ఒక్కటంటే ఒక్కటి వెనక్కి తిప్పలేదు, అది నేను అప్పుడే గమనించవలసింది. నెల రోజులు పరిశీలించి తిరిగి పంపుతానన్నాడు. చిన్నాన్న నన్ను పెరట్లోకి పిలిచి, "ఒరే బాబూ, ఆయన అట్టుకెళిపోతే ఎవులైనా నుయ్యికని వత్తే నానేటి సూసి సెప్పాల?" అన్నాడు. అంత చదువుకున్నాయన అబద్ధం ఆడతాడా అని కసిరాను. కనీసం ఆ గీతల్ని ఒక కాగితం మీద ఎక్కించుకుందామన్న ఆలోచన నాకు, చాక్‌పీసులు అరగదీసి పిల్లలకు బొమ్మలు గీయించే మాస్టారికి, రానేలేదు. గీతల్ని నేను చదువు కింద లెక్కపెట్టలేదు మరి. ఆ గోనెసంచీ మూతి నా చేతులతోనే కుట్టి పలాస స్టేషన్‌లో రైలెక్కించాను.

నెల పోయింది, వేసవి వచ్చింది. నేను రాసిన మూడు ఉత్తరాలకీ జవాబు లేదు. ఆ వేసవిలోనే సముద్రం దాపున ఉన్న మా మేనత్త వాళ్ళ తోటలో నుయ్యి తవ్వాల్సివచ్చింది. పక్క తోటలో చిన్నాన్న ఎప్పుడో తవ్విన నూతిలో ఉప్పు తగిలితే అడుగు పూడ్చిన గుర్తుంది గానీ, నాలుగు బారల దగ్గరా, అయిదు బారల దగ్గరా అన్నది తేలలేదు. ఆ తోట ఆసామీ పోయి చాలా కాలమైంది, అడగడానికి మనిషి లేడు. చిన్నాన్న అయిదన్నాడు. నాలుగో బార దాటి గునపం దిగగానే అడుగునుంచి ఉప్పునీరు బుగ్గలు కట్టింది. రెండు రోజులు తట్టలకు తట్టలు బంకమన్ను కొట్టారు, ఆగలేదు. మా అత్త "తమ్ముడా, నీ తప్పేటుంది, మా నేల అలాటిది" అని అన్నం వడ్డించింది. ఆ రోజు నుంచి మైలు దూరం వెళ్ళి నీళ్ళు మోసింది. చిన్నాన్న మళ్ళీ ఎవరి నూతికీ వెళ్ళలేదు.

నేను సెలవు పెట్టి పట్నం వెళ్ళాను. కాలేజీ వరండాలో అద్దాల బీరువాలో ఉన్నాయి మా రాళ్ళు, కింద ఇంగ్లీషు చీటీలు, సేకరించినవారు అన్నచోట ఆ పెద్దమనిషి పేరు. చిన్నాన్న పేరు లేదు సరే, ఊళ్ళ పేర్లయినా లేవు. తలుపు తీయించి ఒక చెక్కని తిప్పి చూశాను. వెనకవైపు గరుకు లేదు, గీత లేదు. అన్నీ అంతే. ఎగుడుదిగుడుగా ఉండి సరిగ్గా నిలబడటం లేదని మరమీద అరగదీయించాడట! ఆ మాట ఆయన ఎంత తేలిగ్గా అన్నాడో ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. నలభై నూతుల లోతుని దుమ్ము చేసి చీపురుతో ఊడ్చేశారు. నోటికొచ్చినట్టు తిట్టాను. ప్యూను వచ్చి నా భుజం పట్టుకున్నాడు. చివరికి ఆయన విసుక్కుని, పట్టుకుపొమ్మన్నాడు.

సంచీ తెచ్చి మా ఇంటి గడప దగ్గర దించాను. చిన్నాన్న ఒక్కొక్కటే ఒళ్ళో పెట్టుకుని వెనక్కి తిప్పి బొటనవేలితో తడిమాడు, అన్నిటినీ, చివరి రాయి దాకా. "బాగా నున్నగ సేసినారు" అన్నాడు. నన్ను తిట్టి ఉంటే ఎంత బాగుండేది.

ఇప్పుడు మా వైపు నూతుల జోలికి ఎవరూ పోరు. బోర్లు వచ్చాయి, వాటినీ నమ్మడం మానేసి నీళ్ళ డబ్బాలు కొంటున్నారు. పొద్దున్నే ఆటోలో డబ్బాలు గుమ్మంలోకి వస్తాయి, మా అత్త మనవలకి నీళ్ళు రుచి చూసి తాగాలన్న సంగతే తెలియదు. తమ కాళ్ళ కింద ఎన్ని బారల్లో ఏముందో చెప్పగలిగిన మనిషి ఒకడుండేవాడని తెలియదు, అతన్ని మూగవాణ్ణి చేసింది ఎవరో అసలే తెలియదు. అత్త బతికున్నన్నాళ్ళూ మా ఇంటికి వస్తే కూర్చోకుండానే మంచినీళ్ళు అడిగేది. ఒక గ్లాసు గటగటా తాగేసి, రెండోది చాలాసేపు, మెల్లగా తాగేది. అప్పుడు నేను ఏదో పని ఉన్నట్టు పెరట్లోకి వెళ్ళిపోయేవాణ్ణి.