చిన్నమ్మ వాటా

నా చిన్నప్పుడు నాంపల్లి స్టేషన్ దగ్గర ఒక కిరాయి ఇంట్లో ఉండేవాళ్ళం. అప్పటికింకా నవాబు సర్కారు ముద్రించిన హాలీ రూపాయలు చెల్లుతుండేవి. మా చిన్నాయన ఒక దఫ్తరులో గుమాస్తా. జీతం రాగానే ఇంటి ఖర్చు మా నాయనమ్మ చేతికిచ్చి, మిగిలినదాంట్లో సగం తను ఉంచుకుని సగం మా చిన్నమ్మకు ఇచ్చేవాడు. ఆ సగంతో ఎవరేం చేశారో రెండోవాళ్ళు అడగకూడదని వాళ్ళిద్దరి మధ్య మాట. నాయనమ్మకు ఇది మింగుడుపడేది కాదు. నాకైతే అర్థమయ్యేదే కాదు. మొగుడూ పెళ్ళాలకు మళ్ళీ నీది నాది ఏమిటి?

ఒకరోజు చిన్నాయన నన్ను వెంటబెట్టుకుని అబిడ్స్ పోస్టాఫీసుకు వెళ్ళాడు. బయటికి వస్తుంటే ఎదురుగా రెండంతస్తుల బస్సు ఆగింది. పైన కిటికీ పక్కన మా చిన్నమ్మ! జర బయటికి పోయొస్తనని చెప్పి పొద్దున వెళ్ళిన మనిషి. నేను కేకేయబోతే చిన్నాయన నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"పిలువకు బిడ్డా. ఆమె పైసలు, ఆమె ఇష్టం."

మొజంజాహీ మార్కెట్లో నాకు ఐస్‌క్రీమ్ కొనిపెట్టాడు. తను తినలేదు. కోపమొచ్చిందా అంటే ముఖంలో కోపం కనపడలేదు. నవ్వూ లేదు.

ఇంటికి రాగానే నాయనమ్మ, "మీ చిన్నమ్మ యాడన్న కనవడ్డదా?" అని అడిగింది. చూసింది చెప్పాను. దీపాలు పెట్టే వేళకు చిన్నమ్మ వచ్చేసరికి నాయనమ్మ గుమ్మంలోనే నిలబడి ఉంది.

"ఒక్కదానివే బస్సెక్కి యాడికి పోయినవే?"

చిన్నమ్మ వంగి చెప్పులు విడిచింది. నాయనమ్మ కొడుకు వైపు తిరిగింది.

"నువ్వన్న అడుగురా!"

"నేనడగనమ్మా. మాటిచ్చిన."

"అయితే నీకు ఎరుకేనా?"

"ఎరుకలేదు," అన్నాడు చిన్నాయన.

మర్నాడు నల్లా దగ్గర గిన్నెలు తోముతున్న చిన్నమ్మను నేనే అడిగాను.

"ఏడికీ పోలే. బస్సు పోయే కాడిదాంక పోయి, మళ్ల అదే బస్సుల వచ్చిన."

"ఎందుకు?"

"గట్లనే."

"చిన్నాయనకు చెప్పొచ్చు గద?"

తోముతున్న చెయ్యి ఆగింది. "చెప్తే ఏమనడు. గని చెప్పాల్నా?" అని నన్నే అడిగింది. నాకేం తెలుసు?

మరుసటి జీతం నాడు ఈసారి ఇవ్వడేమోనని భయపడుతూ చూశాను. చిన్నాయన ఎప్పటిలాగే సగం ఆమె చేతిలో పెట్టాడు. ఆమె డబ్బు కొంగున ముడివేసుకోకుండా ఆయన ముఖంలోకే చూస్తూ నిలబడిపోయింది. నాయనమ్మ అటు తిరిగి పడుకుంది. వాళ్ళలో ఎవరిది తప్పో నాకు తేలలేదు.

పెళ్ళయ్యాక నా కాపురంలోనూ అదే పద్ధతి పెట్టాను. మా ఆయన తన వాటాతో ఏం చేసేవారో అడగాలని ఎన్నోసార్లు నోటిదాకా వచ్చింది. అడగలేదు. ఆయన పోయి ఏళ్ళయింది, ఆ సంగతి నాకు తెలియకుండానే ఉండిపోయింది. అడగకుండా ఉండటానికి ఎంత ప్రేమ కావాలో, ఎంత గుబులు దిగమింగాలో చిన్నాయనను చూసిన రోజున నాకు తెలియదు.