నాలుగు మూలలా పసుపు

ఓడెక్కి సీమ వెళ్ళిన మొదటి వారంలోనే, నేను అద్దెకున్న ఇంటావిడ మా మామ్మ ఇచ్చిన పసుపుకొమ్ముని తీసి పొయ్యిలో పడేసింది. అక్కడ నన్ను నిలువునా కుదిపేసినవి చాలా ఉన్నాయి. చలి, వారానికోసారి స్నానం, ఉప్పు తప్ప రుచి తెలియని కూరలు. అవన్నీ ఒక ఎత్తు, ఇదొక ఎత్తు.

అప్పటికి నాకు పందొమ్మిదేళ్ళు. మా నాన్న నర్సీపట్నం తాలూకా కచేరీలో గుమాస్తా. స్కాలర్‌షిప్పు దొరికి, ఇంగ్లండులో ఉత్తరాన ఉన్న ఒక బొగ్గుపొగ ఊళ్ళో రసాయన శాస్త్రం చదవడానికి చేరాను. అమ్మ నన్ను కని పోయింది. పెంచింది మామ్మే, మా నాన్నగారి తల్లి.

నేను బయల్దేరేనాడు మామ్మ వీధిలోకి రాలేదు. ఆవిడకి భర్త లేడు కనక, ప్రయాణమయ్యేవాడికి ఎదురు పడకూడదని పెరట్లో గోడవార నిలబడిపోయింది. ఇలాంటి పట్టింపులంటే నాకు ఒళ్ళుమంట. నేనే పెరట్లోకి వెళ్ళాను. పక్కింటావిడ చేత తెప్పించిన పసుపుకొమ్ము అరిటాకు ముక్కలో చుట్టి నూతిగట్టు మీద పెట్టి ఉంది. వంటలో వేసే పసుపు వేరు. శుభానికి పెట్టే పసుపుని తాతయ్య పోయింది మొదలు ఆవిడ చెయ్యి తాకలేదు.

"తీసుకో నాయినా. నేను ముట్టుకోలేదులే," అంది. "ఉత్తరం రాసినప్పుడల్లా నాలుగు మూలలా పసుపు ఎట్టు. అది సూస్తే నువ్వు బాగున్నావని నాకు తెలుస్తాది."

"నాన్న చదివి చెబుతాడు కదా మామ్మా?"

"మీ బాబే కదరా సదివేడు, నా తమ్ముడి ఉత్తరాలూనూ."

ఆవిడ తమ్ముడు రంగూన్‌లో బియ్యం మిల్లు పనికి వెళ్ళి అక్కడే కలరా తగిలి పోయాడు. ఆ కబురు తట్టుకోలేదని ఇంట్లోవాళ్ళు ఆర్నెల్లు దాచారు. నెలకోసారి మా నాన్న ఏదో కాయితం చేత్తో పట్టుకుని, "అక్కా, నేను ఇక్కడ కులాసా," అని లేని ఉత్తరం చదివేవాడు. ఆవిడ విని సంబరపడి, ఆ పూట తమ్ముడి పేరు చెప్పి బూరెలు వండేది. ఆవిడకి చదువు రాదు. నిజం తెలిసిన రోజునుంచి ఎవరు ఏ ఉత్తరం చదివినా ఆవిడ కళ్ళు చదివేవాడి మీద ఉండవు, కవరు మూలల మీదే ఉంటాయి. చదవడంలో ఎంత అబద్ధమైనా ఆడొచ్చు గానీ, అబద్ధానికి పసుపు పెట్టే ధైర్యం ఎవరికీ ఉండదని ఆవిడ నమ్మకం.

"సరేలే, పెడతాను," అన్నాను.

"బేగి రాయి," అంది. ఆవిడ కుడిచేతి బొటనవేలి మీద పాత కత్తిపీట గాటు ఒకటి ఉండేది. కంగారుగా ఉన్నప్పుడు ఆ గాటుని చూపుడువేలితో రుద్దుకునేది. ఆవేళ అదే పనిగా రుద్దుకుంటూ ఉంది.

ఇంత కథ ఉన్న పసుపుకొమ్ము అది. ఇంటావిడ మంచిదే. నా పెట్టె సర్దుతూ, ఎండిపోయిన ఎలకపిల్ల అనుకుని పారేసిందట. నేను మంచం మీద కూలబడిపోయాను. నా మొహం చూసి ఆవిడా బెదిరిపోయి టీ కాచి తెచ్చింది. సీమలో ఏ కష్టానికైనా మొదటి మందు టీయే. ఆ వేరు ఏమిటో, ఎందుకో ఆవిడకి చెప్పలేదు. నవ్వుతుందని సిగ్గు.

మర్నాడు భోజనాల బల్ల మీద పింగాణీ గిన్నెలో పచ్చగా ఏదో ముద్ద కనిపించింది. నీళ్ళతో కలిపిన ఆవపిండి. పచ్చగా ఉందా లేదా? ఉంది. కవరు నాలుగు మూలలా బొట్లు పెట్టి, ఓడ గురించీ కాలేజీ గురించీ నాలుగు పేజీలు రాసి టపాలో వేశాను. నా తెలివికి నేనే మురిసిపోయాను. ఇప్పుడు తలుచుకుంటే నన్ను నేను చెప్పుతో కొట్టుకోవాలనిపిస్తుంది.

ఉత్తరం మా ఊరు చేరడానికి మూడు వారాలు. నాలుగో వారంలో ఒక బుధవారం సాయంత్రం ఇంటావిడ పళ్ళెంలో తంతి పెట్టుకుని వచ్చింది. నా మొహం చూడకుండా చాపింది. యుద్ధం రోజుల్లో ఆ వీధిలోకి తంతి వచ్చిందంటే ఒక్కటే కబురట. నేను అది పట్టుకుని తిన్నగా పెరట్లోకి పోయాను. చెడ్డ కబురు ఇంట్లో విప్పకూడదని మా వాళ్ళంటే వెక్కిరించేవాణ్ణి నేనే. వానలో నిలబడి విప్పాను.

"మామ్మ అన్నం మానేసింది. పసుపు పెట్టి ఉత్తరం పంపు. నాన్న."

మూడుసార్లు చదివాను. మొదటిసారి ఏమీ బోధపడలేదు. రెండోసారి బోధపడింది. మూడోసారికి కాయితం తడిసి అక్షరాలు అలుక్కుపోయాయి. ఆవపిండి వెళ్ళింది, పసుపు వెళ్ళలేదు. ఆ ఉత్తరం చదివింది మా నాన్న. మామ్మ లెక్కలో నేను చచ్చిపోయాను, కొడుకు మళ్ళీ కాయితం పట్టుకుని నాటకమాడుతున్నాడు.

బతికే ఉన్నానని వెంటనే తంతి కొడదామని పరిగెత్తబోయి గుమ్మంలోనే ఆగిపోయాను. తంతికి పసుపు ఉండదు. వెయ్యి తంతులు కొట్టినా వాటిని చదివి చెప్పేది మా నాన్నే. ఇండియా టపా వారానికి ఒక్కసారి, గురువారం సాయంత్రం అయిదుకి కడతారు. అది తప్పితే ఇంకో వారం. అన్నం మానేసిన డెబ్భై ఏళ్ళ మనిషికి ఒక వారమంటే ఏమిటో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

తడిబట్టలతోనే ఇంటావిడకి అంతా చెప్పేశాను. ఆవిడ నవ్వలేదు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, "ముందే చెప్పకూడదా?" అంది.

"అడక్కుండా పారేస్తారా?" అని అరిచాను. నేనూ అరిచాను, ఆవిడా అరిచింది. తర్వాత ఆవిడ టోపీ పెట్టుకుని, గొడుగు తీసి, నా కంటే ముందు వీధిలోకి నడిచింది.

కొట్లు మూసేదాకా తిరిగాం. ఒకడు ఆవపిండి డబ్బా చూపించాడు. దాన్ని వెనక్కి నెట్టేశాను. ఇంకొకడు ఇండియా కూరల పొడి అని ఒక డబ్బా ఇచ్చాడు. కాయితం మీద తడిపి రాస్తే గోడకి పేడ పూసినట్టుంది. మందుల కొట్టువాడు అలాంటి వేరు పేరే వినలేదన్నాడు. ఇంటావిడ ఒక్కొక్కణ్ణీ చీవాట్లు పెట్టింది. వాళ్ళేం చేస్తారు పాపం. రాత్రంతా నాకు పెరటి గోడ, నూతిగట్టు తప్ప ఇంకేమీ తోచలేదు.

గురువారం పొద్దున్న కాలేజీ ఎగ్గొట్టి పక్క పట్నం వెళ్ళి వెతుకుదామనుకున్నాను. రైలు పదకొండుకి గాని లేదు. అందాకా గదిలో కూచోలేక ప్రయోగశాలకి పోయాను. మేష్టారు బల్ల దగ్గర నిలబడి ఏదో చెబుతున్నాడు. నా చెవికి ఒక్క ముక్క ఎక్కడం లేదు. ఆయన ఒక పచ్చటి కాయితం ముక్క పైకెత్తి చూపించి, చాకలి సోడా కలిపిన నీళ్ళలో ముంచి తీశాడు. ఎర్రబడిపోయింది.

ఆ ఎరుపు నాకు తెలుసు. పుట్టినప్పట్నుంచీ తెలుసు. పసుపు నీళ్ళలో సున్నం కలిపితే వచ్చే ఎరుపు. పళ్ళెంలో పోసి పెళ్ళికూతురికి దిష్టి తీసే ఎరుపు.

"ఎర్రనీళ్ళు!" అని తెలుగులో కేకేశాను.

క్లాసంతా నా వైపు తిరిగింది. నేను బల్లల మధ్యనుంచి తోసుకుంటూ వెళ్ళి మేష్టారి చేతిలో ఉన్న ముంచని కాయితం లాక్కుని వాసన చూశాను. సందేహం లేదు. ఆయన రెండడుగులు వెనక్కి వేశాడు. ఈ ఇండియా కుర్రవాడికి మతి పోయిందనుకుని ఉంటాడు. ఇది దేంతో చేస్తారని అడిగితే, మీ దేశపు వేరుతోనే కదా అన్నాడు. దాని గుండ సామాను గదిలో సీసాలో ఉంటుందట. నాలుగు వారాలుగా నేను రోజూ ఆ గది ముందునుంచే నడుస్తున్నాను.

సామాను గది ముసలాయన బీరువాలోంచి గోధుమరంగు గాజుసీసా దింపి, ఎంత కావాలని అడిగాడు. చెంచాడు చాలన్నాను. కాయితంలో పోసి ఇచ్చాడు. అక్కడే బల్ల మీద కవరు పెట్టి, నీళ్ళచుక్క వేసి, నాలుగు మూలలా దట్టంగా పూశాను. లోపల రెండే ముక్కలు రాశాను. "మామ్మా, ఇది నిజం పసుపు. అన్నం తిను." చదివేది నాన్నే అయినా ఆవిడకే రాశాను. మధ్యాహ్నం కాకముందే టపా కచేరీలో ఇచ్చి, మెట్ల మీద కూచుని ఏడ్చాను.

ఇక వెళ్ళడానికి మూడు వారాలు, జవాబు రావడానికి మూడు వారాలు. ఆ మధ్యలో, తంతి కొట్టిన రోజునే నాన్న రాసిన ఉత్తరం వచ్చింది. నా ఆవపిండి దారిలో నల్లబడి పెచ్చులూడిపోయిందట. మామ్మ కవరు తిప్పి చూసి, "ఈ నలుపేటిరా?" అందట. నాన్న నాలుగు పేజీలూ ఒక్క అక్షరం పోకుండా చదివాడట. ఆవిడ చివరిదాకా కదలకుండా విని, "బాగా సదివేవు. ఎనకటికన్నా బాగా సదివేవు," అని లేచి, నూతి దగ్గరికి పోయి తలమీద నీళ్ళు పోసుకుందట. ఆ రోజునుంచి పూటకి గ్లాసుడు మజ్జిగ తప్ప ఏమీ ముట్టుకోలేదట. కింద నాన్న రాసిన వాక్యం నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు. "ఆనాడు నేను చదివిన ఉత్తరాలకి ఇవాళ శిక్ష పడింది. అనుభవించేది మాత్రం ఆవిడ."

మా నాన్న అలాంటి మాట అనగలడని నేను ఎప్పుడూ అనుకోలేదు.

ఆ తర్వాత మూడు వారాలు ఎలా గడిచాయో చెప్పలేను. మజ్జిగతో మనిషి ఎన్నాళ్ళు ఉంటుందని సామాను గది ముసలాయన్ని కూడా అడిగాను. ఇంటావిడ రోజూ టపావాడికి నా కంటే ముందు తలుపు తీసేది.

ఒక శనివారం పొద్దున్న ఆవిడ కవరు పట్టుకొచ్చి, "యెల్లో!" అంది. అప్పటికి ఆవిడకీ మూలలు చూడడం అలవాటయిపోయింది. నేను నమ్మలేదు. నాన్నకి అబద్ధపు ఉత్తరం చదవడం వచ్చు. పరాయి దేశంలో ఉన్న కొడుకు తట్టుకోలేడనుకుంటే అబద్ధపు పసుపు పెట్టడం మాత్రం రాదా? మామ్మ అనుమానం అంత దూరం వచ్చి నాకు పట్టుకుంది. కవరు పట్టుకుని మంచులోనే పెరట్లోకి పోయాను.

నాలుగు మూలలా పసుపు ఉంది. ఎవరో వేలితో ముంచి గట్టిగా అద్దారు. దగ్గరగా పెట్టుకుని చూశాను. నాలుగూ బొటనవేలి ముద్రలే. నాలుగింటి మధ్యలోనూ అడ్డంగా, పసుపు అంటని సన్నటి గీత ఒకటి ఉంది.

కత్తిపీట గాటు.

తాతయ్య పోయినప్పట్నుంచీ శుభానికి చెయ్యి పెట్టని మామ్మ, నాకిచ్చిన కొమ్ముని కూడా తాకని మామ్మ, స్వయంగా పసుపులో వేలు ముంచింది. మా నాన్న రాసిన మాట నేను నమ్మనేమోనని ముంచింది. ఇంటావిడ గుమ్మంలోంచి, "బతికే ఉందా?" అని అడిగింది. తల ఊపాను. లోపలికి రమ్మని కేకేసింది. వెళ్ళి, ఆవిడ పెట్టిందంతా తిన్నాను. లోపల నాన్న ఏం రాశాడో చూడాలన్న సంగతి మధ్యాహ్నం దాకా గుర్తు రాలేదు.