పిడికెడు పచ్చిక

గుడారం వెనక కొయ్యకు వేలాడే సంచీలో వేణ్నీళ్లు నింపి, "నీళ్లు సిద్ధం!" అని కేకవేయడం సిరోంకా పని. లోయితా మైదానంలోని ఆ సఫారీ విడిదిలో ఏళ్ల తరబడి అతనిది అదే కొలువు. లోపల అతిథులు పాడుకుంటూ స్నానం చేస్తారు. బయట అతడు మరో బకెట్టుతో కాచుకుని ఉంటాడు. ఊటబుగ్గ సన్నగిల్లిన కాలంలోనూ ఆ స్నానాలు ఆగవు.

విడిది వెలిసిన చోటు అతని తండ్రుల కాలంలో దూడల పచ్చిక. వానల రోజుల్లో అటు ఎవ్వరూ మందను తోలరాదు. కరువు వస్తే ఆ గడ్డి లేగదూడలకూ, ఈనిన ఆవులకూ, రోగిష్టి పశువులకూ దక్కాలి. మసాయి పెద్దలు తరతరాలుగా కట్టుబడి కాపాడారు గనుకనే అది పచ్చగా మిగిలింది. మనిషి చెయ్యి పడని నేల అని అతిథులు దాన్ని మెచ్చుకుంటారు. విడిది పెట్టినవాళ్లు ఆ పెద్దల చేత, వాళ్లు చదవలేని కాగితం మీద వేలిముద్రలు వేయించుకున్నారు. దూడల మాట అందులో లేదు. కాగితంలో లేనిది హక్కు కాదట.

ఆ ఏడు పెద్ద వానలూ చిన్న వానలూ ముఖం చాటేశాయి. సిరోంకా అక్క నోలమాలా భర్త పోయిన మనిషి. మందలో మిగిలిన ఒకే ఒక్క ఆవునూ దాని పెయ్యనూ తోలుకుని, పట్టపగలు, ఏ దాపరికమూ లేకుండా కంచె సందులోంచి వచ్చింది. అది దొంగతనమని ఆమెకు తోచనే లేదు. కరువు ఉంది, దూడ ఉంది, దూడల పచ్చిక ఉంది.

కాపలాదారు బరాసా ఆవు మెడకు తాడు వేశాడు. అతడు దూరపు జిల్లావాడు. ఆమె మాట అతనికి రాదు. సిరోంకాను పిలిపించారు.

"అక్కా, తోలుకుపోవే. నా కొలువు ఊడుతుంది."

"ఓహో, దొరగారా! వేణ్నీళ్లు మోసి మోసి మెదడు ఉడికిపోయిందేంట్రా? ఈ నేల మీదే పాకావు, నన్ను పొమ్మంటావా?"

"పొమ్మనేది నేను కాదే, వాళ్లు."

"అయితే వాళ్ల నోరు నువ్వెందుకు తగిలించుకున్నావ్?"

బరాసా ఆవు మీదికి కర్ర ఎత్తాడు. నోలమాలా చటుక్కున వంగి, పిడికెడు గడ్డి పెరికి, చేయి చాచి నిలబడింది. పచ్చిక పట్టినవారిని కొట్టరాదు; మొర వినేదాకా ఎంతటి పగవాడైనా ఆగాలి. చిన్నతనంలో మందను వదిలేసి ఆడుకున్నప్పుడు సిరోంకా కూడా అలాగే గడ్డి పీకి తండ్రి కర్రను ఆపుకున్నాడు.

"ఏమంటోంది?" అని విడిది నడిపే మేనేజరమ్మ వచ్చి అడిగింది. గుడారాల ముందు అతిథులు కాఫీ కప్పులతో లేచి చూస్తున్నారు.

విడమరచి చెబితే ఆగుతారని సిరోంకా నమ్మాడు. "ఇక్కడి గడ్డి పీకి పట్టుకుందమ్మా. శరణు అడగడం అది. ఆవుకు మేత అడుగుతోంది."

బరాసా కర్ర దించాడు. మర్యాదగా ముందుకు వచ్చి, ఆమె చేతిలోని గడ్డి తీసుకున్నాడు.

"చూశావట్రా, తీసుకున్నాడు! పరాయివాడికి ఉన్నపాటి బుద్ధి నీకు లేకపోయింది" అని నోలమాలా మురిసింది.

అతడు ఆ గడ్డిని ప్లాస్టిక్ సంచీలో వేసి మూతి బిగించాడు.

కోర్టు బల్ల మీద ఆ సంచీ మళ్లీ కనిపించింది. గడ్డి ఎండి పాలిపోయింది.

"ఇది ఎక్కడిది?" అన్నాడు వకీలు.

"విడిదిదేనయ్యా."

"పీకింది ఎవరు?"

"మా అక్క."

"ఎందుకని ఆ రోజు చెప్పావు?"

"ఆవుకు మేత అని. కానీ అయ్యా, అది శరణు..."

"అడిగినంతవరకే చెప్పు."

ఏ ప్రశ్నా చట్టానికి విరుద్ధం కాదు. ఏ జవాబూ అబద్ధం కాదు. ఆవును జప్తు చేశారు. పాలు లేని పెయ్య వారం తిరక్కుండానే కాళ్లు చాచింది. సిరోంకా కొలువు మాత్రం నిలిచింది. నిజం చెప్పాడని మేనేజరమ్మ భుజం కూడా తట్టింది.

తప్పు చేసినవాడు పచ్చిక పట్టుకుని వస్తే తోబుట్టువు వాకిలి మూయరాదు. ఒకనాడు సిరోంకా సెలవు అడిగి అక్క ఇంటికి నడిచాడు. దారి పొడవునా వంగి వంగి వెతికాడు. కంచె ఇవతల ఎర్రటి దుమ్ము, ముళ్లు, గిట్టల గుంటలు. పచ్చని పోచ ఒక్కటి లేదు. కంచె లోపల కావలసినంత ఉంది. దాన్ని పీకడం నేరమని తన సాక్ష్యం మీదే తీర్పు వచ్చింది.

నోలమాలా ముళ్లదడి సందులో నిలబడి అతని చేతుల వంక చూసింది.

"ఏం తెచ్చావు?"

"ఎక్కడా దొరకలేదక్కా."

"దొరకదు." ఆమె ముళ్లకొమ్మ మీద చేయి వేసింది. "పొద్దువాలుతోంది. వాళ్ల నీళ్లు కాగాలి కదా, పోరా తమ్ముడూ."

ముళ్లకొమ్మను లాగి ఆమె దడి సందు మూసేసింది.